నాడా మీద పసుపు గుర్తులు

మా చెల్లెలు అంజమ్మ బాగుంది. ఈ మాట మొదట్లోనే రాస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో కొందరి ఇంట్లో ఇప్పుడు ఇదే భయం ఉండవచ్చు. వాళ్ళు జవాబు కోసం చివరి పేజీ వెతుక్కోకూడదు. గడ్డ తీసేశారు. గాయం మానింది. మూడు పూటలా అన్నం తింటోంది, నాతో పోట్లాడుతోంది.

రాయడానికి కారణాలు రెండు. ఒకటి, నేను పనిచేసే కచేరీలో ఇద్దరు నన్ను వేర్వేరుగా మెట్ల కిందికి పిలిచి, గొంతు తగ్గించి ఒకే ప్రశ్న అడిగారు: "మీ చెల్లెకు అయింది ఏంది భాయ్? మా ఇంట్ల గూడ ఒక పిల్లకు గట్లనే ఉన్నది." రెండు, ఆ నెలల్లో నేను ఒక తప్పు చేశాను. దాన్ని జరిగిన వరుసలో, దాని చోట పెట్టి చూసుకుంటే తప్ప నాకు కుదురు చిక్కదు.

ముందు మా ఇంటి సంగతి. పాతబస్తీలో ఫలక్‌నుమా పోయే తోవలో మాకు పాల కొట్టం ఉంది. ఏడు బర్రెలు. బాపు పొద్దున్నే పాలు పిండి బండి మీద రోజూ వాడికగా పోయించుకునే ఇళ్ళకు పోసి వస్తాడు. ఇంట్లో అమ్మ, చూపు మందగించిన నాయనమ్మ, నేను, అంజమ్మ. నేను సాంకేతిక పాఠశాలలో మూడేళ్ళు చదివి, ఇంజనీరుగారి కచేరీలో నక్షాలు గీసే పనిలో చేరాను. మురుగునీటి మోరీలు ఎంత లోతున, ఎంత వాలుగా పోవాలో గీయడం నా పని. చూసినదల్లా కొలిచి, వరుస సంఖ్య వేసి రాసుకోవడం అక్కడే అలవాటైంది. అప్పటికి అంజమ్మకు పద్నాలుగేళ్ళు నిండలేదు.

1938, ఆషాఢం

బోనాలకు అమ్మ అంజమ్మకు ఆకుపచ్చ పట్టులంగా కుట్టించింది. దాని నడుం నాడా తెల్లది, కొత్తది. పండుగనాడు పసుపు చేతులతోనే ముడి వేసుకుంటూ అంజమ్మ గొణిగింది.

"అమ్మా, నడుం కాడ పడ్తలేదే. దర్జీ కొలత తప్పిండు."

"దర్జీ తప్పలే. నువ్వే మస్తు మెక్కుతున్నవ్" అంది అమ్మ.

అందరం నవ్వాం. నిజానికి ఆమె తిండి తగ్గింది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిందని లేచేది. మాటిమాటికీ పెరట్లోకి వెళ్ళేది. పాల చెంబులు ఎత్తితే పొట్టలో ఏదో బరువుగా పక్కకు దొర్లుతోందని రెండుసార్లు చెప్పింది. ఈ మూడింటినీ మేము విన్నాం. కలిపి చూడలేదు.

బతుకమ్మ నాళ్ళు

గుడిమల్కాపూర్‌లో పూలమ్మే మా మేనత్త సద్దుల బతుకమ్మకు గంపెడు బంతి, తంగేడు తెచ్చింది. ఆడవాళ్ళు ఆడుతుంటే అంజమ్మ రెండు చుట్లు తిరిగి, నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుంది. అత్త అమ్మ పక్కకు వచ్చి నిలబడింది. నేను అక్కడే ఉన్నాను.

"వదినా, పిల్ల నడకేంది గట్లున్నది?"

"ఎట్లున్నది? మంచిగనే ఉన్నది."

"ఏడుగురిని కన్నదాన్ని, నాకు తెల్వదా? నీ బిడ్డ మీద నీకు సోయి ఉన్నదా లేదా? రేపు లొల్లి అయినంక నన్ననొద్దు."

అమ్మ ముఖం నల్లబడింది. ఎందుకంటే ఆమెకు మరొకటి తెలుసు. నాకూ తెలుసు. మా ఇంట్లో ముట్టయిన ఆడవాళ్ళు వెనక పంచలో వేరే చాప మీద మూడు రోజులు కూర్చుంటారు. ఎవరూ ఆ మాట ఎత్తరు, అందరికీ కనిపిస్తుంది. రెండు నెలలుగా అంజమ్మకు ఆ చాప పరవలేదు.

మర్నాటి నుంచి అమ్మ ఆమెను గడప దాటనివ్వలేదు. గోడ పక్కింటి రహమత్ బీ దగ్గరికి కూడా పంపలేదు. రహమత్ బీ ఇంట్లోనే లక్క గాజులు చేస్తుంది. తొమ్మిదేళ్ళప్పటి నుంచీ అంజమ్మ మధ్యాహ్నాలు ఆమె దగ్గర కూర్చుని గాజులకు రాళ్ళు అద్దేది. "బచ్చీని ఎందుకు పంపుతలేరు?" అని ఆమె గోడ మీదుగా అడిగితే, జ్వరమని అబద్ధం చెప్పాం.

ఆ శుక్రవారం కచేరీకి సెలవు. గళ్ళ కాగితం తీసి, చెల్లెలి పొట్ట పెరగడానికి కారణాలు వరుసగా రాశాను. ఉర్దూలో రాశాను. మా చదువూ కచేరీ రాతా అందులోనే. పైగా ఇంట్లో ఎవరికీ ఆ అక్షరాలు రావు. ఒకటి, చలిజ్వరం వల్ల పెరిగిన బల్ల, అంటే ప్లీహం. రెండు, కడుపులో నీరు. మూడు, పురుగులు. నాలుగో సంఖ్య వేసి కొంతసేపు ఆగాను. ఆ తర్వాత అదీ రాశాను. ఒకే మాట. అత్త నోట రానిది, అమ్మ కళ్ళలో కనిపించింది.

ఏ కారణాన్నీ వదలకూడదు, అది పద్ధతి, అని నాకు నేను చెప్పుకున్నాను. అది పద్ధతి కాదు. ఆ కాగితం రాశాక పది రోజుల పాటు నేను అంజమ్మ ముఖం చూసి మాట్లాడలేదు.

"అన్నా, నా మీద కోపమొచ్చిందా?" అని అడిగింది ఒకరోజు, చాయ్ గ్లాసు పెట్టి.

"పనుంది. పో" అన్నాను.

ఇక నాయనమ్మ. చుట్టుపక్కల కొట్టాల వాళ్ళు బర్రె చూడిదో కాదో తెలియకపోతే ఆమెనే పిలుస్తారు. బర్రె పక్కన చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నెలలతో సహా చెబుతుంది. చివరికి అమ్మ సిగ్గు విడిచి, ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి అంజమ్మను నులక మంచం మీద పడుకోబెట్టింది. నేను పంచలో ఉన్నాను. నాయనమ్మ గొంతు వీధిలోకే వినిపించేంత పెద్దది.

"దూడ గాదే ఇది!"

"మెల్లగ అత్తా, గోడవతల వింటరు."

"విననీ. దూడైతే ఉన్నకాడ ఉంటది. ఇది ఇటు నూకితే అటు వోతున్నది. నీళ్ళ తిత్తి లెక్క. గడ్డనే ఇది. దవాఖానకు తీస్కపోండ్రి."

"నీకు సరిగ గనవడదు గదా అత్తా..."

"కండ్లతోని చూస్తరానే కడుపును?"

అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చేతి అంచనాను నమ్మకూడదని నేను చదువుకున్నవాణ్ణి. ఆ ఇంట్లో అప్పటికి నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. దీపావళి దాటేదాకా మేము కదల్లేదు.

కార్తీకం

నది ఒడ్డున ఆడవాళ్ళ దవాఖాన. లోపలికి మగవాళ్ళను రానివ్వరు. వాకిట్లో మందపు పరదా, ఇవతల మా వంటి వాళ్ళకు బెంచీలు. అమ్మ, అంజమ్మ లోపలికి పోయాక రెండున్నర గంటలు కూర్చున్నాను. మొదటి గంట భయమేసింది. తర్వాత పక్కన కూర్చున్న ముసలాయన తన గొడుగు పోయిందని చెప్పిందే చెబుతుంటే అదొక ఆసరా అయింది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. గుంటూరు వైపు క్రైస్తవుల ఇంటి ఆమె. నడివయసు. మాట మెత్తన, చూపు సూటి.

"నువ్వేనా బాబూ, అమ్మాయి అన్నయ్యవి? పొట్టలో గడ్డ ఉంది. మీరు భయపడుతున్నది కాదు. అది అసలు కానే కాదు, అర్థమైందా?"

తల ఊపాను.

"ఎప్పటి నుంచి పెరుగుతోందో తెలియాలి. నెల రోజులే అంటోంది మీ అమ్మ. నెలలో ఇంత పెరిగితే అది చెడ్డ గడ్డ. నిదానంగా పెరిగిందైతే నాకు చాలా ధైర్యం. సరిగ్గా కనుక్కుని రేపు చెప్పు."

తోవలో అడిగితే అమ్మ ఏడ్చింది. "ముందే తెలుసంటే, గిన్ని దినాలు ఏం జేసినవ్ అంటరు గదరా."

ఇంటికి రాగానే నాకు తట్టింది ఆకుపచ్చ పట్టులంగా. పెట్టెలోంచి తీయడానికి మొదట మొహమాటపడ్డాను, తర్వాత తీశాను. పట్టు కనుక దాన్ని ఉతకలేదు. కట్టింది ఐదు రోజులే: బోనాలు, రాఖీ పున్నమి, వినాయక చవితి, సద్దుల బతుకమ్మ, దీపావళి. ప్రతి పండుగకూ పసుపు చేతులతోనే ముడి వేసుకుంది. తెల్లటి నాడా మీద ఒకదాని తర్వాత ఒకటి, చివరలకు జరుగుతూ, ఐదు పసుపు మరకలు. ప్రతి మరకకూ ఒక తేదీ ఉంది.

స్కేలు పెట్టి కొలిచాను. చేతికందిన గళ్ళ కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా అంగుళాలు వేసి ఐదు చుక్కలూ కలిపాను. గీత ఎక్కడా నిటారుగా లేవలేదు. ఒకే వాలులో, నిదానంగా, మా మోరీ గొట్టాల్లాగా పోయింది. తొందరలో కాగితం వెనక్కి తిప్పి చూడలేదు.

మర్నాడు డాక్టరమ్మ ఆ కాగితాన్నీ, నాడానూ చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళలో ఇలాంటి కేసు కాగితం ఎవరూ తెచ్చివ్వలేదయ్యా" అని నవ్వింది. "నిదానంగా పెరిగింది. మంచిదే. తెరిచి తీసేయాలి. ఆలస్యం చేయకండి, మెలిక పడితే ప్రాణం మీదికి వస్తుంది." కాగితాన్ని కేసు అట్టలో పెట్టుకుంది.

బాపు ఒప్పుకోలేదు.

"కడుపు గోస్తరా? కోసిన పిల్ల బతుకుతదా? బతికినా ఎవడు చేసుకుంటడు?"

"బాపూ, కొయ్యకపోతేనే బతకదు."

"నీ కాగితంల రాసున్నదా అది?"

రాసి లేదు. కాగితంలో జరిగిపోయింది మాత్రమే ఉంది. మూడు వారాలు అలాగే గడిచాయి. బాపు నాతో మాట్లాడడం మానేశాడు, అమ్మ బాపుతో మానేసింది. ఇంట్లో వినిపించేవి బర్రెల అరుపులూ, నాయనమ్మ తిట్లూ.

మార్గశిరం

పొద్దున పాలు పిండే వేళ. దూడను విప్పడానికి వంగిన అంజమ్మ ఒక్క కేక వేసి గడ్డి మీద పడిపోయింది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, చెమటలు, వాంతి. ముఖం తెల్లగా పాలిపోయింది. అంతవరకూ ఆమె నొప్పి అని అరవగా నేను వినలేదు.

బాపు పిండుతున్న చెంబు వదిలేశాడు. బండి మీద నిండా ఎక్కించిన పాల క్యాన్లను ఒక్కొక్కటే రెండు చేతులా ఎత్తి కింద పడేశాడు. వీధంతా పాలు. ఖాళీ అయిన బండిలో గడ్డి పరిచి, బిడ్డను తానే ఎత్తి పడుకోబెట్టాడు.

"కొయ్యమను రా" అన్నాడు నాతో, పగ్గాలు అందుకుంటూ. "గా డాక్టరమ్మను కొయ్యమను."

అమ్మ గుమ్మంలోనే కూలబడితే, రహమత్ బీ బురఖా సర్దుకుంటూ వచ్చి బండెక్కింది. అబద్ధం చెప్పారెందుకని అడగలేదు. అంజమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, "ఫికర్ నక్కో బేటీ, నేనున్న" అంటూనే ఉంది దారంతా.

పరదా అవతలికి అంజమ్మ, రహమత్ బీ. ఇవతల బాపు, నేను. బాపు చేతులకు ఇంకా పాల నురగ ఎండి ఉంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవ్ రా?"

"బండలు లెక్కపెడ్తున్న బాపూ."

"ఎన్నున్నయి?"

"నూట ముప్పయ్యారు."

బాపు కూడా నేల వైపు చూశాడు. "మల్ల లెక్కవెట్టు" అన్నాడు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి బాపు కూడా, పెదవులు కదుపుతూ.

మధ్యాహ్నం దాటాక రహమత్ బీ పరదా తొలగించి తల బయట పెట్టింది. "అయిపోయింది. సాంస్, ఊపిరి మంచిగ నడుస్తున్నది. ఏడ్వకుండ్రి ఇద్దరు, జనం చూస్తున్నరు" అని, తనే ఏడ్చింది.

డాక్టరమ్మ వచ్చి చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి: "ప్రతి ఆడపిల్లకూ పుట్టుకతోనే పొట్టలో రెండు వైపులా అండాశయాలు ఉంటాయి. ఒకదాంట్లో గడ్డ పెరిగి మెలిక పడింది. తీసేశాను. రెండోది బాగుంది, ఉంచాను. ఒకటి చాలు, రేపు పిల్లల్ని కంటుంది. ఇది ఎవరి తప్పూ కాదు. ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తీశాను నేను." గడ్డను చూస్తావా అంది. చూశాను. ఎంత ఉందో రాసుకోలేదు. ఆ రోజు నేను కొలవని వస్తువు అదొక్కటే.

పుష్యం

శుక్రవారం మధ్యాహ్నం పావుగంట పాటు మంచాల మధ్య తెరలు కట్టి, తండ్రులనూ అన్నదమ్ములనూ లోపలికి పంపుతారు. బాపు చూసి వచ్చాక నేను వెళ్ళాను. అంజమ్మ సగమైంది. రహమత్ బీ ఆమెకు రెండు జడలు వేసి ఎర్రదారం కట్టింది. అంజమ్మ దిండు కింద నుంచి నా గళ్ళ కాగితం తీసింది.

"డాక్టరమ్మ ఇచ్చింది. గీత మంచిగ గీసినవ్ అన్నా. గుట్ట ఎక్కినట్టున్నది." కాగితం తిప్పింది. "మరి ఇది?"

ఆ వైపు నేను ఉర్దూలో రాసిన నాలుగు కారణాలూ ఉన్నాయి. "నీకు... ఈ చదువు..."

"రహమత్ ఖాలా నేర్పింది. మూడేండ్లాయె. నువ్వెప్పుడన్న అడిగినవా?"

అంజమ్మ కాగితాన్ని దుప్పటి మీద పరిచింది.

"డాక్టరమ్మకు ఈ అక్షరాలు రావంట. మీ అన్న వెనక ఏం రాశాడే, చదువు అన్నది. మూడు చదివిన. నాలుగోది చెరిగిపోయింది, కనవడ్తలేదని చెప్పిన."

సిరా నల్లగా, స్పష్టంగా ఉంది.

"అంజీ, అందరూ గట్లనే అనుకున్నరు..."

"అందర్ని నేనడుగుతలేను. నాయనమ్మకు కండ్లు గనవడవు, అయినా చెయ్యి పెట్టి చూసింది. నీకు కండ్లున్నయి. ఒక్క మాట నన్నడగకపోతివి."

ఆమె ఏడవలేదు. కాగితం నా చేతికిచ్చింది. "నువ్వే కొట్టెయ్యి."

జేబులోంచి కలం తీశాను. అలవాటు కొద్దీ చిన్న స్కేలు కూడా తీశాను.

"స్కేలు పెట్టకు."

చేత్తోనే కొట్టేశాను. ఇంకా కొట్టు అంది. ఇంకా కొట్టాను. నాకు కనవడకుండ కొట్టు అంది. కాగితం చిరిగి రంధ్రం పడేదాకా కొట్టాను. అవతలి వైపు నా చక్కటి గీతలో, బతుకమ్మ చుక్క ఉన్న చోట, ఆ రంధ్రం ఇప్పటికీ ఉంది.

"ఇప్పుడు ఐదోది రాయి. గడ్డ అని రాయి" అంది. రాశాను. ఆయా గంట కొట్టింది. పావుగంట అయిపోయింది.

మళ్ళీ ఆషాఢం

ఇంటికి వచ్చాక మా అత్త పూలు పట్టుకుని చూడవచ్చింది. "రా రా, దూడను చూడ వచ్చినవా?" అంది నాయనమ్మ, వీధికంతా వినిపించేలా. అత్త తలవంచుకుని, పూలు అంజమ్మ పక్కన పెట్టి, కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఆమె పాదాలు ఒత్తింది. మాఘంలో వెనక పంచలో చాప మళ్ళీ కనిపించింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం ఆ పూట సేమ్యా పాయసం చేసింది.

నన్ను మెట్ల కిందికి పిలిచి అడిగిన ఆ ఇద్దరికీ, అటువంటి తక్కినవాళ్ళకూ నేను చెప్పేది ఇది. ఆడపిల్ల పొట్ట పెరిగితే దాచకండి, దవాఖానకు తీసుకుపోండి. ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగితే నిజం చెప్పండి. తెలియకపోతే బట్టలు చూడండి, నాడాలు చూడండి, అవి అబద్ధమాడవు. కోతకు భయపడి రోజులు పోగొట్టకండి, మేము మూడు వారాలు పోగొట్టాం. కానీ వీటన్నిటి కంటే ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి ఏమవుతోందని అడగండి. మా అంజమ్మ ఆషాఢంలోనే చెప్పింది, పొట్టలో బరువు పక్కకు దొర్లుతోందని. నాయనమ్మ చేతికి తెలిసిందీ, డాక్టరమ్మ కత్తితో బయటికి తీసిందీ ఆమె ఆనాడు చెప్పిన ఆ బరువే.

మొన్న బోనాలు. అంజమ్మ అదే ఆకుపచ్చ పట్టులంగా కట్టుకుంది, అవే పసుపు చేతులతో. ముడి ఎక్కడ పడిందోనని నా కళ్ళు వాటంతటవే నాడా మీదికి పోయాయి. ఆమె పట్టేసింది.

"చూడు, మంచిగ చూడు" అని నాడా చివర పైకెత్తి చూపింది. ముడి మొదటి మరక దగ్గరికి వచ్చి, చివర వైపుకు వేలెడు దూరం దాటి ఆగింది.

మళ్ళీ గడ్డేనా అనిపించింది. ఈసారి మాత్రం కాగితం కోసం లేవలేదు. "ఎందుకు దాటింది అంజీ?" అని అడిగాను.

"అన్నం" అంది. "మూడు పూటల తింటున్న గదా. రాసుకో."